హార్మోను మాటను పెడచెవిన పెట్టే రక్తనాళాలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం గర్భిణుల రక్తపోటు గురించే వచ్చాయి. అడిగినవారు వేరైనా విషయం ఒకటే కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే చోటిస్తున్నాను. మొదటి రెండు జవాబులు కాస్త పొడవుగా ఉంటాయి. వాటిని దాటేసి నేరుగా మీ ప్రశ్న దగ్గరికి వెళ్లకండి. మిగతావన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: నాకు ఇప్పుడు 22వ వారం. గర్భం రాకముందు నా బీపీ 118/76 ఉండేది. ఇప్పుడు 102/60 ఉంది. అంతా బాగానే ఉందని మా డాక్టరు అంటున్నారు. కానీ నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని. గర్భంలో రెనిన్‌, యాంజియోటెన్సిన్‌ బాగా పెరుగుతాయని పాఠ్యపుస్తకంలో ఉంది. యాంజియోటెన్సిన్‌ రక్తనాళాలను బిగించి బీపీని పెంచే హార్మోను కదా! అది పెరుగుతుంటే నా బీపీ తగ్గడమేమిటి? పుస్తకం తప్పా, బీపీ చూసే పరికరం తప్పా?
– ఒక గర్భిణి

జవాబు: రెండూ తప్పు కావు. ప్రసూతి వైద్యంలోకి రాకముందు నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పేదాన్ని. ఈ ప్రశ్న వేసే విద్యార్థి కోసం ఎదురుచూసేదాన్ని. చాలామంది గర్భంలో యాంజియోటెన్సిన్‌ పెరుగుతుందని ఒక పేజీలో, గర్భంలో రక్తపోటు తగ్గుతుందని మరో పేజీలో కంఠస్థం చేసి, రెండూ పరీక్షలో రాసి వెళ్లిపోయేవారు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఇదెలా కుదురుతుందని నిలదీసేవారు అరుదు.

ముందు మీ అంకెల సంగతి. మామూలు గర్భంలో రక్తపోటు తొలి నెలల్లోనే దిగడం మొదలవుతుంది. 20 నుంచి 24 వారాల ప్రాంతంలో అన్నిటికంటే తక్కువకు చేరి, నెలలు నిండేసరికి మళ్లీ పాత స్థాయికి వస్తుంది. పై అంకె కంటే కింది అంకె ఎక్కువగా తగ్గుతుంది. మీ వారాలకు మీ అంకెలు సరిగ్గా సరిపోతున్నాయి. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం లాంటివి లేకపోతే 102/60 చూసి కంగారు పడనక్కర్లేదు.

ఇక హార్మోను. కాలేయం యాంజియోటెన్సినోజెన్‌ అనే పెద్ద ప్రోటీనును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మూత్రపిండాల నుంచి వచ్చే రెనిన్‌ దాన్ని ఒకచోట కత్తిరిస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే మరో ఎంజైము ఇంకొంచెం కత్తిరిస్తుంది. చివరికి మిగిలే 8 అమైనో ఆమ్లాల చిన్న ముక్కే యాంజియోటెన్సిన్‌ 2. గర్భంలో ఈస్ట్రోజెన్‌ పెరగడంతో కాలేయం ముడిసరుకును ఎక్కువగా తయారుచేస్తుంది. రెనిన్‌ పెరుగుతుంది. కాబట్టి యాంజియోటెన్సిన్‌ 2 కూడా పెరుగుతుంది. పుస్తకం చెప్పింది అక్షరాలా నిజం.

ఏది ముందు జరుగుతుందో, ఏది తరువాత జరుగుతుందో చూస్తే మీ సందేహం సగం తీరుతుంది. ఆరో వారానికల్లా, అంటే మాయ ఇంకా పూర్తిగా రూపు కట్టకముందే, తల్లి శరీరమంతటా రక్తనాళాలు వదులవుతాయి. వదులైన నాళాలకు పాత రక్తం చాలదు. రక్తం తక్కువైందని మూత్రపిండాలు పసిగట్టి రెనిన్‌ను వదులుతాయి. దాని వల్ల పెరిగిన యాంజియోటెన్సిన్‌ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్‌ గ్రంథి చేత ఆల్డోస్టెరోన్‌ అనే మరో హార్మోనును విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టెరోన్‌ మూత్రంలో పోవలసిన ఉప్పును ఆపుతుంది, ఉప్పుతో పాటు నీరూ ఆగుతుంది. నెలలు నిండేసరికి తల్లి రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం పెరగడానికి ఇదొక ముఖ్యమైన కారణం. కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోవాలన్నా, బిడ్డకు చాలినంత రక్తం పంపాలన్నా ఈ పెరుగుదల ఉండాలి.

అయితే ఇక్కడొక చిక్కుంది. యాంజియోటెన్సిన్‌ అడ్రినల్‌తోనే మాట్లాడి ఊరుకోదు, రక్తనాళాలకూ అదే మాట చెబుతుంది. వాటిని బిగుసుకోమంటుంది. అవి గనక ఆ మాట వింటే తల్లి బీపీ పెరిగిపోతుంది, గర్భాశయానికి రక్తం తగ్గుతుంది. ఇంట్లో ఒకరు గొంతు పెంచి చెబుతుంటే, పని ఉన్నవారు విని, లేనివారు పెడచెవిన పెట్టినట్టే శరీరమూ చేస్తుంది. అడ్రినల్‌ గ్రంథి వింటుంది. రక్తనాళాలు పెడచెవిన పెడతాయి. అందుకే మీ రక్తంలో హార్మోను ఎక్కువగా ఉంది, బీపీ మాత్రం తక్కువగా ఉంది.

హార్మోను ఎంత ఉందన్నది సగం సమాచారమే. రక్తనాళం దానికి ఏమని బదులిస్తుందన్నదే అసలు సంగతి. రక్తనాళం గోడలో నునుపు కండర కణాలుంటాయి. వాటి ఉపరితలం మీద యాంజియోటెన్సిన్‌ను పట్టుకునే గ్రాహకాలుంటాయి. పట్టుకోగానే కణంలో కాల్షియం పెరిగి కండరం ముడుచుకుంటుంది. కానీ ఆ కండరానికి ఆనుకుని లోపలివైపు ఒకే ఒక్క కణం మందాన సన్నని పొర ఉంటుంది. దాన్నే ఎండోథీలియం అంటారు. ఈ పొర నుంచి నైట్రిక్‌ ఆక్సైడ్‌, ప్రోస్టాసైక్లిన్‌ వెలువడి పక్కనున్న కండరాన్ని సడలిస్తాయి. గర్భంలో రెండూ పెరుగుతాయి.

ఆ పొర ఎంత పని చేస్తుందో 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్‌ ఫర్ష్‌గాట్‌ చూపించిన ప్రయోగం నాకు ఎప్పటికీ ఇష్టమే. కుందేలు మహాధమని ముక్క మీద అసిటైల్‌కోలిన్‌ అనే మందు వేస్తే అది సడలింది. లోపలి పొరను మెల్లగా రుద్ది తీసేసి అదే మందు వేస్తే సడలడం పోయి, మోతాదు పెంచితే బిగుసుకుంది. మందు అదే, కండరం అదే. పొర లేకపోవడంతో జవాబు తలకిందులైంది. ఆ పొర నుంచి వచ్చే పదార్థం నైట్రిక్‌ ఆక్సైడేనని తరువాత తేలింది. 1998 నోబెల్‌ బహుమతి ఫర్ష్‌గాట్‌కు, మరో ఇద్దరికి కలిపి ఇచ్చింది ఈ కృషికే. హార్మోను పేరు వినగానే అది బిగిస్తుందా సడలిస్తుందా అని తీర్పు చెప్పేయకూడదని విద్యార్థులకు నేర్పడానికి దీన్ని మించిన పాఠం నాకు దొరకలేదు.

గర్భాశయంలోని నాళాల విషయం ఇంకా విచిత్రం. గర్భాశయపు లోపలి గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులుంటాయి. మాయ నుంచి వచ్చే కణాలు వాటిలోకి చొచ్చుకుపోయి, గోడలోని కండరాన్ని తొలగించి, వాటిని వెడల్పయిన మెత్తని గొట్టాలుగా మారుస్తాయి. బిగుసుకోవడానికి కండరమే లేనప్పుడు ఏ హార్మోను వచ్చి ఏం చేయగలదు? గర్భం లేనప్పుడు నిమిషానికి 50 మిల్లీలీటర్ల ప్రాంతంలో ఉండే గర్భాశయపు రక్తప్రవాహం నెలలు నిండేసరికి 500 నుంచి 750 మిల్లీలీటర్లకు చేరేది ఇలాంటి ఏర్పాట్ల వల్లే.

ప్రశ్న: గర్భిణుల రక్తనాళాలు యాంజియోటెన్సిన్‌కు తక్కువగా స్పందిస్తాయని మా తరగతిలో చెప్పారు. ఇది ఎలా తెలిసింది? గర్భిణులకు ఆ హార్మోను ఎక్కించి చూశారా? అది ప్రమాదం కాదా?
– నర్సింగ్‌ విద్యార్థిని

జవాబు: అవునమ్మా, ఎక్కించే చూశారు. 1961లో అబ్దుల్‌ కరీమ్‌, అసాలి అనే ఇద్దరు పరిశోధకులు గర్భిణులకు, గర్భం లేని స్త్రీలకు ఈ హార్మోనునిచ్చి పోల్చారు. గర్భిణుల్లో బీపీ పెరుగుదల తక్కువగా కనిపించింది. కానీ ఈ విషయంలో అందరూ తలచుకునేది అమెరికాలోని డాలస్‌లో నార్మన్‌ గాంట్‌, ఆయన సహచరులు చేసి, 1973లో ప్రచురించిన అధ్యయనాన్నే.

వాళ్లు 192 మంది తొలిచూలు గర్భిణులను తీసుకున్నారు. అప్పటికి అందరి బీపీ మామూలుగానే ఉంది. యాంజియోటెన్సిన్‌ను సన్నని ధారగా నరంలోకి పంపుతూ, కింది అంకె 20 పెరిగే వరకు మోతాదును కొద్దికొద్దిగా హెచ్చించారు. సరిగ్గా 20 పెరగడానికి ఎంత మోతాదు కావలసి వచ్చిందో రాసుకున్నారు. ఎక్కువ మోతాదు కావలసి వస్తే నాళాలు మొండికేస్తున్నట్టు. తక్కువకే పెరిగితే మాట వింటున్నట్టు. ఈ పరీక్షను గర్భం సాగుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ చేశారు.

ప్రమాదం గురించి అడిగారు కదా. యాంజియోటెన్సిన్‌ రక్తంలో నిమిషం కూడా నిలవదు. ధార ఆపగానే కాసేపట్లో బీపీ యథాస్థితికి వచ్చేస్తుంది. పైగా మోతాదులు చాలా చిన్నవి. గర్భం లేని స్త్రీకి కిలో బరువుకు నిమిషానికి 8 నానోగ్రాముల ప్రాంతంలో సరిపోతుంది. 60 కిలోల మనిషికి లెక్క వేస్తే నిమిషానికి అర మైక్రోగ్రాము కూడా కాదు. అయినా ఇప్పుడు ఎవరైనా ఇలాంటి అధ్యయనానికి అనుమతి అడిగితే నైతిక సంఘాలు చాలా ప్రశ్నలు వేస్తాయి, వేయాలి కూడా.

ఇప్పుడు ఫలితం. ఆ 192 మందిలో 120 మందికి చివరి వరకూ బీపీ రాలేదు. వాళ్ల నాళాల మొండితనం తొలి నెలల్లోనే మొదలై, 28 నుంచి 30 వారాలకు గరిష్ఠానికి చేరింది. అప్పుడు కావలసిన మోతాదు దాదాపు 13 నానోగ్రాములు. మిగతా 72 మందికి తరువాత బీపీ వచ్చింది. నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది ఈ 72 మంది కథే. మొదట్లో వాళ్ల నాళాలూ అందరివాటిలాగే పెడచెవిన పెట్టాయి. తరువాత మెల్లమెల్లగా వినడం మొదలుపెట్టాయి. బీపీ పెరగడానికి వారాల ముందే ఈ మార్పు వచ్చేసింది. 28 నుంచి 32 వారాల మధ్య 8 నానోగ్రాముల కంటే తక్కువకే స్పందించినవారిలో దాదాపు పదిలో తొమ్మిది మందికి తరువాత బీపీ వచ్చింది. అంటే డాక్టరు పరికరంలో 140/90 కనిపించే రోజు జబ్బు మొదలైన రోజు కాదు, బయటపడిన రోజు.

మరో వింత చూడండి. గర్భం 20 వారాలు దాటాక బీపీ పెరిగి, మూత్రపిండాలు, కాలేయం లాంటి అవయవాలను కూడా దెబ్బతీసే జబ్బును ప్రీఎక్లాంప్సియా అంటారు. అది వచ్చిన స్త్రీల రక్తంలో రెనిన్‌, యాంజియోటెన్సిన్‌ మామూలు గర్భిణుల కంటే తక్కువగా ఉంటాయి. హార్మోను తక్కువ, బిగుసుకోవడం ఎక్కువ. నాళాలకు ఈ సున్నితత్వం ఎందుకు వస్తుందన్న దానికి ఒక్క జవాబు లేదు. 1978లో అదే డాలస్‌ బృందం గర్భిణులకు ఇండోమెథాసిన్‌ అనే నొప్పి మందు, మరికొందరికి నొప్పులకు వాడే పెద్ద మోతాదులో ఆస్పిరిన్‌ ఇచ్చి చూసింది. పైన చెప్పిన ప్రోస్టాసైక్లిన్‌ లాంటి పదార్థాలను ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. వాటి తయారీని ఆపే ఈ మందులు పడగానే నాళాలు యాంజియోటెన్సిన్‌కు ఎక్కువగా స్పందించాయి. కాబట్టి మొండితనంలో కొంత భాగం ప్రోస్టాగ్లాండిన్ల పుణ్యమే. 1999లో బెర్లిన్‌ పరిశోధకులు ప్రీఎక్లాంప్సియా ఉన్న స్త్రీల రక్తంలో ఒక రకం ప్రతిరక్షకాలను కనుగొన్నారు. అవి యాంజియోటెన్సిన్‌ గ్రాహకానికి అంటుకుని, హార్మోను లేకపోయినా అది ఉన్నట్టే గ్రాహకాన్ని ప్రేరేపిస్తాయి. 2001లో మరో సంగతి బయటపడింది. ప్రీఎక్లాంప్సియాలో ఈ గ్రాహకం నాళాలను సడలించే బ్రాడికైనిన్‌ అనే పదార్థపు గ్రాహకంతో జతకట్టి మరింత చురుగ్గా మారుతోంది. జతకట్టని గ్రాహకం రక్తంలోని ఆక్సీకరణ ఒత్తిడికి, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్‌ రూపాల తాకిడికి, మందగిస్తుంది, జతకట్టినది మందగించదు.

పరీక్షలో అడిగితే ఇవన్నీ రాయనక్కర్లేదు. కానీ వార్డులో బీపీ చూసేటప్పుడు గుర్తుంటే మంచిది.

ప్రశ్న: తొలి కాన్పులో నాకు 33వ వారంలో ప్రీఎక్లాంప్సియా వచ్చి, బిడ్డను ముందుగానే తీయవలసి వచ్చింది. ఇప్పుడు మళ్లీ 13వ వారం. డాక్టరు రోజూ రాత్రి ఆస్పిరిన్‌ వేసుకోమన్నారు. ఆస్పిరిన్‌ వేస్తే గర్భిణుల నాళాలు ఎక్కువగా బిగుసుకుంటాయని ఎక్కడో చదివి భయపడి ఆపేశాను. నా నాళాలు ఎలా ఉన్నాయో ముందే తెలుసుకునే పరీక్ష ఉందా?
– ఇద్దరు పిల్లల తల్లిని కావాలనుకుంటున్న పాఠకురాలు

జవాబు: ముందుగా, ఇవాళే మీ డాక్టరుకు ఫోను చేసి ఆపేసిన సంగతి చెప్పండి. వారు సరేనంటే ఈ రాత్రి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. తరువాత తీరిగ్గా ఇది చదవండి.

మీరు చదివింది పెద్ద మోతాదు గురించి. పై జవాబులో నేను చెప్పిన 1978 ప్రయోగమే అది. చిన్న మోతాదు కథ వేరు. రక్తంలోని ప్లేట్‌లెట్లు థ్రాంబాక్సేన్‌ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది నాళాలను బిగిస్తుంది, రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. నాళాల లోపలి పొర తయారుచేసే ప్రోస్టాసైక్లిన్‌ దానికి సరిగ్గా వ్యతిరేకం. రెండిటి తయారీకీ ఒకే ఎంజైము కావాలి, ఆస్పిరిన్‌ ఆ ఎంజైమును శాశ్వతంగా పాడుచేస్తుంది. అయితే ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. పోయిన ఎంజైమును మళ్లీ తయారుచేసుకోలేదు. బతికే వారం, పది రోజులూ థ్రాంబాక్సేన్‌ లేకుండానే గడుపుతుంది. పొరలోని కణానికి కేంద్రకం ఉంది, కొన్ని గంటల్లో కొత్త ఎంజైము తయారుచేసుకుని మళ్లీ పని మొదలుపెడుతుంది. కాబట్టి రోజుకు ఒక్క చిన్న మోతాదు బిగించేదాన్ని ఆపి, సడలించేదాన్ని చాలావరకు మిగులుస్తుంది. పెద్ద మోతాదు రోజంతా వేస్తే రెండూ పోతాయి. మందు పేరు ఒకటే అయినా మోతాదును బట్టి ఫలితం ఎదురు తిరుగుతుంది.

1986లో రాటర్‌డామ్‌ వైద్యులు, యాంజియోటెన్సిన్‌కు ఎక్కువగా స్పందిస్తున్న తొలిచూలు గర్భిణులనే ఏరి, రోజుకు 60 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ ఇచ్చి మంచి ఫలితం చూశారు. అది చిన్న అధ్యయనం. 1994లో 9 వేల మందికి పైగా స్త్రీలతో అదే మోతాదు పరీక్షిస్తే లాభం అంత గొప్పగా కనిపించలేదు. ఆ తరువాత చాలాకాలం వైద్యుల్లో ఉత్సాహం చల్లబడింది. 2017లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనం దాన్ని మళ్లీ నిలబెట్టింది. ప్రమాదం ఎక్కువని పరీక్షల్లో తేలిన స్త్రీలకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. 37 వారాలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతానికి వస్తే, ఆస్పిరిన్‌ వేసుకున్నవారిలో 1.6 శాతానికే వచ్చింది. తొందరగా మొదలుపెట్టడం, చాలినంత మోతాదు ఇవ్వడం, రోజూ మానకుండా వేసుకోవడం, మూడూ ముఖ్యమే. మీరు 13వ వారంలో ఉన్నారు. అందుకే నా తొందర.

పరీక్ష సంగతి. యాంజియోటెన్సిన్‌ ధార పరీక్షను ఇప్పుడు ఎవరూ రోజువారీ వైద్యంలో చేయరు. గంటల తరబడి సెలైన్‌ పెట్టి, నిమిషానికోసారి బీపీ చూడాలి. దానికి బదులు సులభంగా ఉంటుందని గాంట్‌ బృందమే 1974లో మరో పరీక్ష చెప్పింది. గర్భిణిని ముందు పక్కకు పడుకోబెట్టి, తరువాత వెల్లకిలా తిప్పి, కింది అంకె 20 పెరుగుతుందేమో చూడటం. వినడానికి ముచ్చటగా ఉంది కానీ తరువాతివారు చేసి చూస్తే నమ్మదగినదిగా తేలలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల మాయ నుంచి వచ్చే రెండు ప్రోటీన్ల నిష్పత్తిని రక్తంలో కొలుస్తున్నారు. ఒకటి నాళాల పొరను దెబ్బతీసేది, రెండోది కాపాడేది. రాబోయే కొద్ది రోజుల్లో జబ్బు బయటపడే అవకాశం ఉందా లేదా అన్నది దానితో బాగా తెలుస్తుంది. అయితే అది 20 వారాలు దాటాక, అనుమానం వచ్చినప్పుడు చేసే పరీక్ష. మీకు ఇప్పుడు దానికంటే ఇంట్లో సరైన కొలత పట్టీ ఉన్న బీపీ పరికరం ఎక్కువ ఉపయోగం. చేయి లావుగా ఉంటే పెద్ద పట్టీ వాడండి. చిన్నది వాడితే లేని బీపీ చూపిస్తుంది.

140/90 దాటితే అదే రోజు ఫోను చేయండి. 160/110కి చేరితే ఫోను కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్కల కింద కుడివైపు నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా బీపీ అంకె బాగున్నా సరే వెళ్లండి.

ప్రశ్న: సిజేరియన్‌కు నా వెన్నులో మత్తు సూది ఇవ్వగానే బీపీ పడిపోయింది. వెంటనే రక్తనాళాలు బిగించే మందు ఇచ్చారట. బిడ్డకు వెళ్లే రక్తం కూడా తగ్గిపోయి ఉంటుందేమోనని ఇప్పటికీ దిగులుగా ఉంది.
– నాలుగు నెలల బాబు తల్లి

జవాబు: మత్తు డాక్టరు చేసింది సరైన పని. వెన్నులో ఇచ్చే మత్తు, నాళాలను ఒక స్థాయిలో బిగించి ఉంచే నరాలను కూడా స్తంభింపజేస్తుంది. అసలే వదులుగా ఉన్న గర్భిణి నాళాలు ఒక్కసారిగా ఇంకా వదులైపోతాయి. గర్భాశయానికి వెళ్లే రక్తం తల్లి బీపీ మీదే ఆధారపడి ఉంటుంది. ఆ బీపీని అలాగే వదిలేయడమే బిడ్డకు అసలు ప్రమాదం. మీకు ఇచ్చింది బహుశా ఫినైలెఫ్రిన్‌. గర్భిణుల నాళాలు దానికీ కాస్త మొండికేస్తాయి కాబట్టి మామూలువారి కంటే ఎక్కువ మోతాదు కావలసి వస్తుంది. ఇంతకుముందు ఎక్కువగా వాడిన ఎఫిడ్రిన్‌ మాయను దాటి బిడ్డను చేరి, బిడ్డ రక్తంలో ఆమ్లాన్ని కొంత పెంచుతుందని తెలిశాక ఫినైలెఫ్రిన్‌కు ప్రాధాన్యం వచ్చింది. దిగులు మానేసి బాబుతో ఆడుకోండి.

ప్రశ్న: మా ఆవిడకు ఏడో నెల. ముక్కు దిబ్బడతో నిద్ర పట్టడం లేదు. దిబ్బడ తగ్గించే చుక్కలు కూడా నాళాలు బిగించేవేనని సీసా మీద ఉంది. గర్భిణుల నాళాలు ఎలాగూ బిగుసుకోవు కదా, వాడేయవచ్చా?
– ఒక భర్త

జవాబు: మీ తర్కం చురుగ్గానే ఉంది కానీ తప్పు. నాళాలు ప్రధానంగా పెడచెవిన పెట్టేది యాంజియోటెన్సిన్‌ను. బిగించే ప్రతి మందుకూ అదే మినహాయింపు ఉందనుకోకూడదు. పైగా ఆ మొండితనం ఎవరిలో ఎప్పుడు పోతుందో చూసి చెప్పలేం. ముక్కులోని నాళాలు ఉబ్బడం గర్భంలో మామూలే, కాన్పయ్యాక దానంతటదే పోతుంది. ముందు ఉప్పునీటి చుక్కలు వాడి, తల వైపు ఎత్తు పెట్టి పడుకోమనండి. చాలకపోతే డాక్టరును అడిగి బిగించే చుక్కలు రెండు మూడు రోజులు వాడవచ్చు. అంతకు మించితే దిబ్బడ రెట్టింపై తిరిగి వస్తుంది. మింగే దిబ్బడ మాత్రలు మాత్రం, ముఖ్యంగా బీపీ ఉన్నవారు, సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బీపీకి ఎనలాప్రిల్‌ వాడుతున్నాను. ఇప్పుడు బిడ్డ కావాలనుకుంటున్నాం. యాంజియోటెన్సిన్‌ను తగ్గించే మందు కాబట్టి గర్భంలో ఇది ఇంకా మంచిదే కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదు, గర్భంలో ఇది వాడకూడని మందు. తల్లి నాళాలకు యాంజియోటెన్సిన్‌తో పని లేకపోవచ్చు, కడుపులోని బిడ్డకు ఉంది. పిండం మూత్రపిండాలు ఎదగడానికి, పని చేయడానికి అది కావాలి. నాలుగో నెల దాటాక ఈ మందు వాడితే పిండం మూత్రం తగ్గుతుంది. ఉమ్మనీటిలో ఎక్కువ భాగం పిండం మూత్రమే కాబట్టి ఉమ్మనీరు తగ్గుతుంది, ఊపిరితిత్తులు సరిగా ఎదగవు, బిడ్డ ప్రాణానికే ముప్పు రావచ్చు. పేరు చివర ‘సార్టన్‌’ అని ఉండే లోసార్టన్‌, టెల్మిసార్టన్‌ లాంటివాటికీ ఇదే వర్తిస్తుంది. మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ పెరిగిపోతుంది. గర్భం కోసం ప్రయత్నించేముందే డాక్టరును కలిసి లాబెటలాల్‌, నిఫెడిపిన్‌, మిథైల్‌డోపాల్లో ఏదో ఒకదానికి మారండి.

ప్రశ్న: మా అమ్మాయికి చివరి నెలలో బీపీ వచ్చింది. కాన్పయి రెండు రోజులైంది, బీపీ 136/86. మాయ పడిపోతే జబ్బు పోయినట్టే కదా, మాత్రలు ఆపేయవచ్చా?
– ఒక తల్లి

జవాబు: ఆపకండమ్మా. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ. మామూలు గర్భిణుల్లో కూడా మాయ బయటికి వచ్చిన కొద్దిసేపటికే నాళాలు మళ్లీ యాంజియోటెన్సిన్‌ మాట వినడం మొదలుపెడతాయి. గర్భంలో చేరిన నీరు కణజాలం నుంచి రక్తంలోకి తిరిగి వచ్చేదీ ఈ రోజుల్లోనే. మూర్ఛలు కూడా కాన్పు తరువాత రావచ్చు. రోజూ బీపీ చూపించండి. మోతాదు ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెబుతారు. కాన్పు తరువాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఎర్గోమెట్రిన్‌ రకం మందులు నాళాలను గట్టిగా బిగిస్తాయి. రక్తస్రావంతో మళ్లీ ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే బీపీ సంగతి వాళ్లు అడగకముందే చెప్పండి. ఇంకొక మాట. పై ఉత్తరంలో గర్భిణికి వద్దన్న ఎనలాప్రిల్‌నే మీ అమ్మాయికి ఇప్పుడు రాసివ్వవచ్చు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందుల్లో అదొకటి. చీటీలో ఆ పేరు చూసి గాభరాపడి మందు మానేయవద్దు.